ఇంక్‌బర్డ్ ఐటీసీ-308: దోసెల పిండికని కొంటే బల్లి పాలయింది

ఈ డబ్బా మా ఇంటికి బల్లి కోసం రాలేదు, దోసెల పిండి కోసం వచ్చింది. మేముండేది షికాగో పక్కన అరోరాలో. నవంబరు దాటిందంటే ఇక్కడ పిండి పులవదు. అవెన్‌లో లైటేసి పెట్టడం, దుప్పటి చుట్టడం, హీటర్ గాలి వచ్చే కన్నం ముందు గిన్నె పెట్టడం అన్నీ అయ్యాయి. ఇంట్లోనే బీరు చేసుకునేవాళ్ళు వాడే టెంపరేచర్ కంట్రోలర్ ఒకటుందని ఆఫీసులో ఒకాయన చెబితే కొన్నా. పిక్నిక్‌లకి తీసుకెళ్ళే ఐస్ పెట్టెలో పిండి గిన్నె, పక్కన చిన్న హీటింగ్ ప్యాడ్, 30 డిగ్రీలకి పెట్టి పడుకుంటే పొద్దున్నకి పిండి పొంగి మూతని లేపేది. రెండు చలికాలాలు మా ఆవిడ ఆ డబ్బాని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

మూడో ఏడు మా అమ్మాయి పుట్టినరోజుకి లెపర్డ్ గెకో కావాలంది.

తెలియనివాళ్ళ కోసం: ఇదీ బల్లే, కాకపోతే మన గోడమీది బల్లి కాదు. జానెడు పొడవు, పసుపు ఒంటిమీద నల్ల చుక్కలు, లావుపాటి తోక. మన బల్లికి లేని కనురెప్పలు దీనికుంటాయి, శుభ్రంగా కళ్ళు మూసుకుని నిద్రపోతుంది. వేళ్ళకి అతుక్కునే మెత్తలు లేవు కాబట్టి గాజు ఎక్కలేదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య మూల రాళ్ళనేలల్లో తిరిగే జాతి. మాది అక్కణ్ణుంచి పట్టుకొచ్చింది కాదు, ఇక్కడే పెంపకంలో పుట్టింది. పాతబెల్లం రంగులో ఉందని బెల్లం అని పేరు పెట్టాం. తెనాలిలో మా అమ్మకి వీడియోలో చూపిస్తే, "ఒరేయ్, మీదపడితే పంచాంగం తీసి ఫలితం చూసుకుంటాం కదరా, దానికి గది కట్టించి హీటర్ పెట్టావా?" అంది. కాసేపటికి తనే సర్దుకుంది: "పోన్లే, నేను కంచిలో బంగారు బల్లిని ముట్టుకొచ్చాను కదా, నీకేం కాదులే."

బల్లిని అమ్మిన షాపులో గాజు తొట్టి, అడుగున అంటించే హీట్ మ్యాట్, రెండు ప్లాస్టిక్ గుహలు, సూది తిరిగే థర్మామీటరు ఒకటి కట్టబెట్టారు. వేడి పెట్టిన అంకెకి చేరగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, అంటే మా పిండి డబ్బా లాంటిది, దాని సంగతి నేనే అడిగా. "అక్కర్లేదు సార్, మ్యాట్ దానంతటదే సరిపడా వేడెక్కి ఆగుతుంది" అన్నాడు అబ్బాయి. నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం. ఆగుతుందని ఎవరైనా అన్నారంటే ఎక్కడ ఆగుతుందో చూడకుండా నాకు నిద్రపట్టదు. బల్లిని ఇంకా తొట్టిలోకి వదల్లేదు, అట్టపెట్టెలోనే ఉంది. ఖాళీ తొట్టికి మ్యాట్ అంటించి ప్లగ్ పెట్టి మూడు గంటలు వదిలేశా. నాన్‌స్టిక్ పెనం వేడి చూడ్డానికి కొన్న ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటుంది ఇంట్లో. దాన్ని గాజు నేల మీదకి పెడితే 46 చూపించింది. గోడకి అంటించిన సూది థర్మామీటరు మాత్రం అదే తొట్టిలో 25 దగ్గర ప్రశాంతంగా కూర్చుంది. అది గాలిని కొలుస్తోంది, బల్లి పొట్ట ఆనేది నేల మీద. షాపువాడి మాట నమ్మి వదిలేసి ఉంటే ఆ సూదిని చూసి చల్లగా ఉందనుకుని ఇంకో మ్యాట్ కూడా అంటించేవాణ్ణేమో.

ఆ రాత్రే ఐస్ పెట్టెలోంచి 308 ని బయటికి తీశా. "ఏవండీ, రేపటి పిండి సంగతేంటి?" అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఇక వస్తువు సంగతి. అరచేతికి కాస్త పెద్దగా ఉండే నల్ల డబ్బా. ఒక పక్క గోడకి పెట్టే ప్లగ్గు వైరు, ఇంకో పక్క రెండు సాకెట్లున్న వైరు. ఒకటి వేడికి, ఒకటి చల్లదనానికి. బల్లికి రెండోది అక్కర్లేదు, ఖాళీగా వదిలేయొచ్చు. రెండు మీటర్ల తీగ చివర వేడి కొలిచే ప్రోబు. ముందువైపు రెండు అంకెలు వెలుగుతుంటాయి: పైన ఇప్పుడున్న వేడి, కింద మనం అడిగిన వేడి. ఈ ఒక్క ఏర్పాటు కోసమే నేను దీనికి మార్కులేస్తా. నడుస్తూ నడుస్తూ ఓ చూపు చూస్తే సంగతి తెలిసిపోతుంది. 110 వోల్టుల రకం 1100 వాట్ల దాకా మోస్తుంది. మా మ్యాట్ 24 వాట్లు. ఏనుగు మీద ఎలక ఎక్కినట్టు.

సెట్ బటన్ మూడు సెకన్లు నొక్కిపెడితే రెండక్షరాల కోడ్‌లు వరసగా వస్తాయి. టీఎస్ అంటే మనకి కావలసిన వేడి. హెచ్‌డీ అంటే దానికి ఎంత కిందకి దిగాక మళ్ళీ వెలిగించాలో. ఏహెచ్, ఏఎల్ పైన, కింద అలారాలు. సీఏ అంటే ప్రోబు తప్పు చూపిస్తుంటే సరిదిద్దుకునే అంకె. సీఎఫ్ సెంటీగ్రేడా ఫారన్‌హీటా అన్నది. సీడీ, పీటీ రెండూ ఫ్రిజ్ నడిపేవాళ్ళకి, మనం ముట్టుకోనక్కర్లేదు. కోడ్‌లు ఎప్పుడూ గుర్తుండవు కాబట్టి చిన్న కాగితం మీద రాసి డబ్బా వెనక అంటించా. మా అమ్మాయికి ఫారన్‌హీట్‌లో తప్ప వేడి తెలీదు, నాకు సెంటీగ్రేడ్‌లో తప్ప జ్వరం కూడా తెలీదు. వారం రోజులు 93 అని తనూ 34 అని నేనూ కొట్టుకుని, చివరికి డబ్బా నాది కాబట్టి సెంటీగ్రేడే ఉంచాం.

మొదట చేయాల్సిన పని సీఏ. గ్లాసు నిండా ఐసు ముక్కలేసి, సందులు నిండేదాకా నీళ్ళు పోసి, ప్రోబుని పలచటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంచి, పది నిమిషాలు కలుపుతూ కూర్చున్నా. సున్నా చూపించాలి. నాకు 0.6 చూపించింది. సీఏలో మైనస్ 0.6 పెట్టా. ఈ మాత్రం తేడా దీని తరగతి వస్తువుల్లో మామూలే, ఒక డిగ్రీ అటూ ఇటూ అని డబ్బాతో వచ్చే కాగితంలోనే రాసి ఇస్తారు. పిండికైతే ఈ 0.6 లెక్కలోకి రాదు.

బల్లికి ఎందుకంత లెక్క అంటే, దానికి ఒంట్లో పొయ్యి లేదు. తిన్న పురుగు అరగాలంటే పొట్ట కింద నేల వెచ్చగా ఉండాలి. తొట్టిలో ఒక వైపు నేల 32 నుంచి 34, రెండో వైపు 23, 24. మధ్యలో అది తిరుగుతూ తనకి కావలసినంత తనే తీసుకుంటుంది. తొట్టి మొత్తం ఒకే వేడిలో ఉంచితే దానికి ఎంచుకునే వీలు పోతుంది. చాలామంది కొత్తవాళ్ళు థర్మోస్టాట్ కొని "తొట్టి వేడి 32 పెట్టా" అంటారు. తొట్టికి ఒక వేడి ఉండదు. మ్యాట్ అడుగు భాగంలో మూడో వంతుకే అంటించాలి, మిగతాది దానంతటదే చల్లగా ఉంటుంది.

308 కి తొట్టి కనపడదు, బల్లి కనపడదు. ప్రోబు మొన దగ్గర ఏముందో అంతవరకే దానికి తెలుసు. మొదటి వారం ప్రోబుని రబ్బరు కప్పుతో లోపలి గోడకి, నేలకి రెండంగుళాల పైన అంటించా. టీఎస్ 32 పెట్టా. గాలి 32 కి చేరదు కదా, మ్యాట్ ఆగకుండా కాలుతూనే ఉంది. గంటన్నర తర్వాత గన్ పెట్టి చూస్తే నేల 41. డబ్బా మాత్రం నేను చెప్పిన పనే చేస్తోంది, పాపం.

తర్వాత టైల్స్ షాపులో అడుగు చదరం పలకరాయి, ఇక్కడ స్లేట్ అంటారు, ఒకటి తెచ్చి మ్యాట్ పైన గాజు మీద పరిచా. రాయి కింద, గాజుకి ఆనేలా ప్రోబు పెట్టి వేడి జిగురుతో రెండు చోట్ల అతికించా. రాయి వేడిని పట్టి ఉంచుతుంది, ఒకచోట మంట ఒకచోట చలి లేకుండా పరుస్తుంది. అయితే కింద ప్రోబు చూపించేదీ రాయి పైన ఉండేదీ ఒకటి కావు. నాకు ప్రోబు 35 అన్నప్పుడు రాయి పైన 33 ఉంది. అంచేత టీఎస్ 35. వేరేవాళ్ళ తొట్టిలో ఇది 34 కావచ్చు, 37 కావచ్చు. ముందు గన్‌తో రాయి మీద చూసి, ఆ అంకె నచ్చేదాకా డబ్బాలో అంకె మార్చుకోవాలి. ఎవరో రాసిన అంకె తెచ్చి పెట్టుకుంటే నా మొదటి వారం మళ్ళీ మీకొస్తుంది.

హెచ్‌డీ 2 తో వస్తుంది. నేను 1 కి దించా. 35 కి ఆగుతుంది, 34 కి వెలుగుతుంది. అంతకంటే తగ్గిస్తే లోపల కరెంటు వేసి తీసే స్విచ్చు, రిలే అంటారు, ఊరికే కొట్టుకుంటుంది. ఒక శనివారం కాఫీ తాగుతూ గడియారం పెట్టుకుని చూశా: ఆరు నిమిషాలు వెలిగి ఉంది, పదకొండు నిమిషాలు ఆగి ఉంది. ఆగాక కూడా రాయిలో దాగిన వేడితో ప్రోబు 35.7 దాకా పోయి అప్పుడు దిగడం మొదలెట్టింది. ఇది డబ్బా లోపం కాదు, ఆన్ ఆఫ్ రకాలన్నీ ఇంతే. పెనం మీద గ్యాసు కట్టేశాక కూడా అట్టు మాడుతుంది చూడండి, అలా. మ్యాట్‌కీ రాతికీ ఈ ఊగిసలాట లెక్కలోకి రాదు. వెలిగినప్పుడూ ఆగినప్పుడూ 'టక్' మంటుంది. పగలు వినపడదు. రాత్రి రెండింటికి మా అమ్మాయి గదిలో వినపడుతుంది. తనకి అలవాటైపోయింది, "బెల్లం హీటర్ ఆన్ అయింది" అని నిద్రలో గొణుగుతుంది.

ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం.

ఒక ఆదివారం తొట్టి కడిగాం. రాయి తీసి, ప్రోబు జిగురు ఊడదీసి, అన్నీ బాత్‌టబ్బులో తోమాం. మళ్ళీ సర్దేటప్పుడు గ్లూ గన్ వేడెక్కే లోపు ప్రోబుని తొట్టి అంచు మీంచి బయటికి వేలాడేశా. ఈలోగా ఇండియా నుంచి ఫోను. మాట్లాడి వచ్చేసరికి మా అమ్మాయి రాయి పరిచేసి, గుహ పెట్టేసి, బల్లిని వదిలేసి, ప్లగ్ పెట్టేసింది. "అయిపోయింది నాన్నా" అంది. నేనూ చూడలేదు. ప్రోబు టేబులు వెనక గాలిలో వేలాడుతోంది. గదిలో వేడి 20. డబ్బాకి అందిన సమాచారం: తొట్టి 20 దగ్గరుంది, అడిగింది 35, కాబట్టి కాల్చు. రాత్రంతా కాల్చింది.

ప్రోబు తీగ తెగిపోతే ఈ డబ్బా ఊరుకోదు. తెర మీద ఈఆర్ అని చూపించి, మ్యాట్ ఆపేసి, కీచుమంటుంది. కానీ ప్రోబు బాగానే ఉంది కదా. తప్పు చోట ఉంది, అంతే. దాని దృష్టిలో అంతా సక్రమం.

పొద్దున్న ఆరున్నరకి నీళ్ళ గిన్నె మార్చడానికి వెళ్తే బెల్లం ఎప్పుడూ ఉండని చోట ఉంది. చల్ల వైపు మూలలో, నీళ్ళ గిన్నె పక్కన, ముక్కు గాజుకి ఆనించి, నాలుగు కాళ్ళూ పరిచి. గుహ వదిలి అలా బయట పడుకునే జీవి కాదది. రాయి మీద గన్ పెడితే 44. గుహ లోపల కూడా దాదాపు అంతే. ప్లగ్ పీకేశాక చేతులు వణికాయి నాకు. పొట్ట తిప్పి చూశాం, ఎర్రబడలేదు, బొబ్బ లేదు. దానికి పారిపోవడానికి మూడడుగుల తొట్టిలో రెండడుగుల చల్ల నేల ఉంది కాబట్టి బతికిపోయింది. ఈ జీవులు పొట్ట కింద కాలుతున్నా ఒక్కోసారి కదలకుండా అలాగే పడుకుంటాయని, అలా కాలిన గాయాలు మామూలేనని తర్వాత చూపించిన పశువైద్యురాలు చెప్పింది. మా అమ్మాయి ఆ రోజు బడికి వెళ్ళలేదు. "నేనే చేశాను" అని ఒకటే ఏడుపు. ఫోను మాట్లాడింది నేను, ప్రోబు వేలాడేసింది నేను.

ఆ రాత్రి కూర్చుని డబ్బాతో వచ్చిన కాగితం మళ్ళీ మొదట్నుంచి చదివా. ఏహెచ్ ని 38 కి పెట్టుకోవాలని అందరూ చెబుతారు, నేనూ పెట్టా. కానీ ప్రోబు బయట పడితే ఏహెచ్ ఎప్పటికీ మోగదు, ఎందుకంటే దానికి కనపడేది చలి. మోగాల్సింది ఏఎల్. చలి అలారం అని పేరు కాబట్టి బల్లికి చలేస్తే పనికొస్తుందనుకుని దాన్ని ఎక్కడో అడుగున వదిలేశా. ఇప్పుడు ఏఎల్ 30. ప్రోబు ఎప్పుడు రాయి కిందనుంచి బయటికొచ్చినా రెండు మూడు నిమిషాల్లో 30 కిందకి దిగి కీచుమంటుంది. తొట్టి కడిగి మళ్ళీ పెట్టినప్పుడు, రాయి వేడెక్కేదాకా మోగుతూనే ఉంటుంది. భరించాలి. నిజానికి ఆ మోతే మాకు పరీక్ష: పెట్టాక పదిహేను నిమిషాల్లో దానంతటది ఆగకపోతే ఏదో తప్పుందన్నమాట. అలారం కొట్టడమే తప్ప ఏఎల్ మ్యాట్‌ని ఆపదు. అది ఆపదని తెలిసి వాడాలి. ఊరెళ్ళేటప్పుడు ఇది చాలదు, మేం లేకపోతే కీచుమన్నా వినేవాళ్ళుండరు. అందుకని ఊరెళితే మ్యాట్‌కీ డబ్బాకీ మధ్య 38 కి కట్టేసే ఇంకో చిన్న థర్మోస్టాట్‌ని పెడతా, దాని ప్రోబు వేరే చోట. ఒకటి అబద్ధం చెప్పినా ఇంకోటి ఆపుతుంది.

ఇంకో సంగతి. మార్చిలో పైనుంచి వెచ్చదనం కావాలని హాలోజెన్ బల్బు తెచ్చి ఇదే డబ్బాకి తగిలించా. ఒక్క సాయంత్రం. బల్బు వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది. పెళ్ళిపందిట్లో సీరియల్ బల్బుల్లా ఉంది గది. బెల్లం గుహలోంచి తల కూడా బయటపెట్టలేదు. బల్బులకి ఆన్ ఆఫ్ రకం పనికిరాదు, మెల్లిగా వోల్టేజి పెంచుతూ తగ్గిస్తూ ఒకే మెత్తటి వెలుగులో ఉంచే డిమ్మర్ రకం కావాలి. వెలుతురు ఇవ్వని సెరామిక్ హీటర్లకి విడివిడి పల్స్‌లలో కరెంటు పంపే రకం మేలు. వాటి ఖరీదు దీనికి మూడు నాలుగు రెట్లు. పైనుంచి వేడి ఇవ్వాలనుకునేవాళ్ళు 308 కొని తర్వాత బాధపడే బదులు మొదటే అది కొనుక్కోండి. ఈ మధ్య పెంపకందార్లు మ్యాట్‌లు మానేసి పైనుంచి వేడి వైపే మళ్ళుతున్నారు కూడా. ఎండ పైనుంచే వస్తుంది కదా అన్నది వాళ్ళ వాదన, నాకూ సబబే అనిపిస్తుంది. బడ్జెట్ కుదిరాక మేమూ మారతాం.

రాత్రికి వేడి తగ్గించాలంటే ఈ మోడల్‌లో గడియారం లేదు, చేత్తో మార్చాలి. మేం మార్చం. మ్యాట్ రోజంతా ఒకటే, గది మాత్రం రాత్రి దానంతటది చల్లబడుతుంది, బల్లికి అది చాలు. కరెంటు పోయి వచ్చినా పెట్టిన అంకెలు మర్చిపోదు. జనవరిలో ఒక తుఫాను రాత్రి మూడు గంటలు కరెంటు పోతే, వచ్చాక నేను ముట్టుకోకుండానే మళ్ళీ 35 కి ఎక్కింది.

ఇక్కణ్ణుంచి ఇండియా పట్టుకెళదామనుకునేవాళ్ళకి: ఇక్కడ అమ్మేది 110 వోల్టులది, అక్కడ గోడలో పెడితే కాలిపోతుంది. 220 వోల్టుల రకం వేరే ఉంది, అది కొనుక్కోండి. విజయవాడలో మా పిన్ని కొడుకు ఇది చదివి "అన్నయ్యా, నా నక్షత్ర తాబేలుకి పనికొస్తుందా?" అని మెసేజి పెడతాడని తెలుసు. నాయనా, దానికి థర్మోస్టాట్ కాదు ముందు కావలసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే నేరం. అటవీ శాఖవాళ్ళకి అప్పజెప్పు.

మార్కులంటారా, మ్యాట్‌కైతే ఐదుకి నాలుగు. ఒక మార్కు కోసింది ఆ రెండక్షరాల కోడ్‌లకి. బల్బుకైతే కొనొద్దు.

నిన్న బెల్లం నాలుగు పురుగులు తిని, గుహలోకి దూరి, రాయికి పొట్ట ఆనించి కళ్ళు మూసుకుంది. డబ్బా పైన 34.6, కింద 35.0. వంటింట్లోంచి మా ఆవిడ, "పిండి కోసం ఇంకోటి ఆర్డర్ పెట్టారా లేదా?" అని అడిగింది. పెట్టా. గురువారం వస్తుంది.